అంగ్‌హరద్ అంటే అర్థం

"పధ్నాలుగో కవిత," అంటూ గోరొన్వీ ప్రైస్ కళ్లజోడు ముక్కు చివరికి దించాడు. "కవిగారి మారుపేరు 'ఉడత'. చదువుతుంటే నాకు పంటినొప్పి వచ్చింది."

హాలంతా నవ్వింది. రెండో వరసలో అంగ్‌హరద్ అల్లిక సూదులు ఆగలేదు.

ఉత్తర వేల్స్‌లోని ఆ ఊళ్లో ఏటా కవితల పోటీ. కవిత మారుపేరుతో పంపాలి. అసలు పేరు అంటించిన కవరులో పెట్టాలి. గెలిచినవాళ్ల కవరే తెరుస్తారు, మిగతావి టీ కాచే పొయ్యిలోకి. ఈసారి విషయం 'ఒక పేరు'. న్యాయనిర్ణేత కార్డిఫ్ నుంచి వచ్చిన గోరొన్వీ.

రెండూ అంగ్‌హరద్ సూచనలే.

పెళ్లికి తొమ్మిది రోజులుందనగా ఆమెను వదిలేసి కార్డిఫ్ రైలెక్కినవాడు ఈ గోరొన్వీయే. పెళ్లికేకు అప్పటికే చేయించేశారు. ఆ చలికాలమంతా వాళ్లింట్లో టీలోకి అదే. నలభై ఏడేళ్ల తర్వాత అతన్ని తనే పిలిపించింది కదా, క్షమించేసిందని ఊరు మెచ్చుకుంది. పక్క కుర్చీలోని స్నేహితురాలు నెస్తా మాత్రం నమ్మలేదు.

"పదిహేనో కవిత 'అంగ్‌హరద్'. మారుపేరు 'పెళ్లికేకు'." గోరొన్వీ చూపు రెండో వరస మీద ఒక్క క్షణం ఆగింది. "'అన్' అంటే మిక్కిలి. 'కార్' అంటే ప్రేమ. రెండూ కలిస్తే పలకడంలో 'అంగ్‌హర్' అవుతుంది. మిక్కిలి ప్రేమ పొందినది అని అర్థం. వెయ్యేళ్లుగా మన అమ్మమ్మలు పెట్టుకుంటున్న పేరు. ఈ ముక్క చెప్పడానికి ఇరవై పంక్తులా? పాల ఇవాన్‌ని అడిగితే, సీసా గుమ్మంలో పెట్టి వెళ్తూ చెబుతాడు."

మళ్లీ నవ్వులు. నెస్తా మోచేత్తో పొడిచింది.

"ఒసే, ఇది నువ్వు పంపిందేనా?"

"నేనే. వంటింటి బల్ల మీద కూర్చుని నా చేత్తో రాశాను."

"పోయి పోయి వాడి ముందు పెట్టావా! బుద్ధుందా నీకు? పద, ఇంటికి పోదాం."

"ఎండుద్రాక్ష రొట్టె ఇంకా కోయలేదే. కూర్చో."

గోరొన్వీకి ఊపొచ్చింది. "'నీ పేరు పలికితే కొండమీది మంచు కరుగును.' కరగదు. నేను పలికి చూశాను." జనం కుర్చీల్లోంచి జారిపోతూ నవ్వారు. "ఈ కవిగారు జన్మలో ఎవర్నీ ప్రేమించి ఉండరు, అద్దంలో మనిషిని తప్ప. ఇందులో ఒక్క మాటా నిజం కాదు."

అంగ్‌హరద్ పైకే నవ్వింది. అందరికంటే గట్టిగా.

గోరొన్వీ మొహం ఎర్రబడింది. "ఇథెల్‌గారూ, ఆ కవరు తెరవండి."

కార్యదర్శి ఇథెల్ తడబడ్డాడు. "ఓడినవాళ్లవి తెరవం కదండీ. పాపం, పరువు..."

"ఇక్కడ నా మాటే చివరిమాట. తెరవండి. ఎవరో ఊరంతా చూడాలి."

నెస్తా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"తెరిపిస్తాడని తెలుసు," అంది అంగ్‌హరద్, ఊలు సంచిలో సర్దుకుంటూ. "మనిషి ఏం మారలేదు."

ఇథెల్ కవరు చింపాడు. పసుపుబారిన కాగితం విప్పాడు. గోరొన్వీ వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూశాడు.

తర్వాత మైకు దగ్గరికి జరిగి చదివాడు: "'అంగ్‌హరద్‌కి, ఈ ఇరవై పంక్తులూ నా ప్రాణం పెట్టి రాశాను, ఇట్లు నీ కాబోయే భర్త, గోరొన్వీ ప్రైస్.'"