మునేరు మిల్లు షేర్లు

"ధర మళ్ళీ పద్దెనిమిదికొచ్చిందమ్మా. ఇప్పుడే అమ్మేయ్, కొనేవాళ్ళున్నారు," అన్నాడు వరప్రసాదరావు, గాజుల కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుంటూ.

రజియాబీ చేతిలోని గాజుల తోరణం కింద పెట్టింది. "ఈ మాట చెప్పడానికే నందిగామ నుంచి వచ్చారా, మాస్టారూ?"

"స్కూలుకి సెలవు పెట్టి వచ్చా."

యాభై ఏడులో మునేరు స్పిన్నింగు మిల్లువాళ్ళు షేరు పది రూపాయల చొప్పున జనానికి అమ్మారు. మద్రాసు మార్కెట్టులో బేరాలు మొదలైన రోజే అది పద్దెనిమిదైంది. అప్పుడు జగ్గయ్యపేట హైస్కూల్లో పనిచేస్తున్న వరప్రసాదరావు పరుగున వచ్చాడు. "మద్రాసులో ఒకాయన యాభై షేర్లు అమ్ముతున్నాడమ్మా. ఏడాది తిరిగేసరికి ముప్పై అవుతుంది," అన్నాడు. సొంత కొట్టు కొనుక్కోవాలని దాచుకున్న తొమ్మిది వందలూ రజియాబీ అతని చేతిలో పెట్టింది.

ముప్పై కాలేదు. మరుసటేడు పన్నెండు, ఆ తర్వాత ఏడు రూపాయలు. మిల్లు ఒక్క ఏడాదైనా లాభం పంచలేదు. రజియాబీ ఇప్పటికీ అద్దె కొట్లోనే ఉంది.

బదిలీ మీద నందిగామ వెళ్ళాక వరప్రసాదరావు ఈ వీధిలో అడుగుపెట్టలేదు. భార్య జగ్గయ్యపేట గాజులు కావాలంటే బెజవాడ వెళ్ళి తెచ్చేవాడు.

"మొన్న పేపర్లో నాలుగు రూపాయలనే ఉందిగా, మాస్టారూ?" అంది రజియాబీ.

అతని మొహం పాలిపోయింది. "అది... పాత పేపరై ఉంటుంది."

"మొన్నటిదేనండీ."

ఇక దాచలేక జేబులోంచి కవరు తీశాడు. "కొనేది నేనే. ప్రావిడెంటు ఫండు మీద అప్పు తీసుకున్నా. తొమ్మిది వందలూ ఉన్నాయి. కాదనకమ్మా, నా మాట విని మునిగిపోయావు."

"సలహా చెప్పినోళ్ళందరూ డబ్బు తిరిగిస్తారా ఎక్కడైనా?"

అతను తలెత్తలేదు. "ఐదేళ్ళుగా అన్నం సయించట్లేదు. ఇంకేం అడక్కు."

రజియాబీ కవరు అందుకుని, లెక్క పెట్టకుండానే గల్లాపెట్టెలో వేసింది. లోపలికెళ్ళి ఇంగ్లీషులో అచ్చయిన షేరు కాగితం తెచ్చి అతని చేతికిచ్చింది.

"నాకు ఇంగ్లీషు రాదని మీకు తెలుసు. మా అమ్మాయి వజీరాకి వచ్చు. మొదటేడే దీన్ని చదివి చెప్పింది. మీరే ఒకనాటికి వస్తారని ఎవరితోనూ అనలేదు."

"ఏం చెప్పింది?"

"నా పేరుకి ముందు దీని మీద అమ్మినవారిగా ఉన్న పేరు మీదేనని."