కండె కొలత

మూడో గుండు కూడా గురికి పెట్టిన కుండను తాకలేదు. మొదటిది మీదుగా పోయింది, రెండోది ముందే నేలలో దిగింది, మూడోది ఎటు పోయిందో సిద్దయ్యకే తెలియదు. అతడు గొట్టంలో మందు కూరి పేల్చే బర్మారు తుపాకీని తిట్టాడు, గాలిని తిట్టాడు, కుండ చేసిన కుమ్మరినీ వదల్లేదు. రేపు రజాకార్లు వస్తే ఊరి బురుజు మీద నిలబడేది తనే.

సద్ది తెచ్చిన సాలోళ్ల ఆండాళు అడిగింది. "అన్నా, మందు ఎంత పోస్తున్నవ్?"

"అందాజగ. నా చెయ్యే తరాజు."

"ఒకసారి దండిగ పోసినవ్, ఒకసారి బొటాబొటిగ పోసినవ్. నేను గట్ల అందాజగ నేస్తే చీర చాపైతది."

ఆమె నేత నూలు చుట్టే కండె గొట్టం అడుగును మైనంతో మూసి, మందు నింపి, గోటితో అంచు సమం చేసి ఇచ్చింది. ప్రతిసారీ అంతే.

ఈసారి మూడు గుండ్లూ కుండ వెనక మట్టిగోడలో అరచేతంత జాగాలోనే దిగాయి. కుండకు జానెడు ఎడమన.

"మంచిగ కొడుతున్నవ్ అన్నా," అంది ఆండాళు సద్ది విప్పుతూ. "రజాకార్లనే జర జానెడు పక్కకు నిలవమందాం."

తిట్టడానికి సిద్దయ్యకు తాను తప్ప ఎవరూ మిగల్లేదు. తనను తానే ఒక మాట అనుకుని, గురిని జానెడు కుడికి జరిపాడు.