క్లోమం ఇంటికొచ్చిన చుట్టాలు

ముసలి కుక్క ఒకటి ఎండలో పడుకుని ఉంది. దాని కడుపులో క్లోమం తన మానాన తాను జీర్ణరసం కాస్తూ, సన్నటి కాలువ గుండా పేగుకు పంపుతోంది. ఆ కాలువలోనే ఎదురీదుకుంటూ పేగులోని బ్యాక్టీరియా పైకొచ్చాయి.

"ఇటెందుకొచ్చారర్రా? మీ ఇల్లు పేగు కదా," అంది క్లోమం.

"ఊరికే చూసిపోదామని అక్కా," అన్నాయవి. చూశాయి గానీ పోలేదు. అవి తిష్ఠ వేసిన చోట మంట పుట్టింది, వాచింది, ఆ వాపులోనే ఒక కంతి లేచి పక్కలకి పాకింది. తెల్లకణాలు కాపలాకి వస్తే, "ఇక్కడంతా మనవాళ్లే" అని బ్యాక్టీరియా వాటిని గుమ్మంలోంచే తిప్పి పంపేశాయి. పొండర్రా అని చెప్పీ చెప్పీ క్లోమానికి నోరు నొప్పి పుట్టింది.

పశువుల డాక్టరు కంతికి మందెక్కించాడు. అది కంతిని చేరకముందే బ్యాక్టీరియా నాకేశాయి.

"అది మీక్కాదర్రా, కంతికి."

"మా గుమ్మం ముందు నుంచి పోతుంటే మాకేననుకున్నాం. అయినా కంతి నీది, మమ్మల్నంటావేంటక్కా?"

మందు ఎవరు తినేస్తున్నారో కనిపెట్టిన డాక్టరు మర్నాడు కంతి మందు కంటే ముందుగా వేరే మందెక్కించాడు.

"ఇదెవరికక్కా?" అన్నాయి బ్యాక్టీరియా, గుమ్మంలోంచి తొంగిచూస్తూ.

"ఇది మాత్రం మీకే," అంది క్లోమం. "కడుపునిండా తాగండి."