సముద్రగడ్డికి చేతులెత్తిన రేవు
ప్రభుత్వాలు మారి విజ్ఞాన మండలి నిధులు సగానికి తగ్గిపోయాక, ఏ పరిశోధన సాగాలో ఊళ్ళలో చీటీ తీసి ఎంచిన మనుషులే తేల్చసాగారు. 2061లో ఉప్పాడ రేవులో, తీరం కోతను ఆపే సముద్రగడ్డిని పెంచుతున్న పరిశోధకురాలు పరిమళ వంతు వచ్చింది.

"రెండుసార్లు నాటారు, రెండుసార్లూ కొట్టుకుపోయింది. ఈసారైనా నిలబడుద్దా?" అని చీటీలో ఎంపికైన తొమ్మిది మందిలో ఒకరైన, చేపలమ్మే నూకరత్నం అడిగింది.

ఔనంటే నిధులు వస్తాయని పరిమళకు తెలుసు. అయినా, "చెప్పలేనమ్మా. ఎందుకు పోయిందో మాత్రం ఇప్పుడు తెలిసింది. అల గట్టిగా కొట్టేచోట నాటాం" అంది.

నూకరత్నం తక్కిన ఎనిమిది మంది వైపు తిరిగింది. "మా ఆయన ఒట్టి వలతో వచ్చిన రోజుల్లేవా? మర్నాడు చేపల ఏటకెళ్ళటం మానేశాడా?"

తొమ్మిది చేతులూ లేచాయి. పరిమళకు కళ్ళు చెమర్చాయి.

నూకరత్నం దగ్గరికొచ్చి, "ఈసారి నాటేటప్పుడు నన్ను పిలవండి. అల ఎక్కడ మెత్తగా కొడతాదో నేను చూపిత్తాను" అంది.