ఎడారి ఎడిషన్

పళ్ల డాక్టరమ్మ తన ప్రాణం తోడేస్తోందని పాత కార్ల యార్డు ఓనరు కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. టీ కొట్టువాడికి చెప్పాడు. పక్క షెడ్డులో టైర్లు అమ్మేవాడికి చెప్పాడు. ఇంట్లో భార్యకీ చెప్పాడు.

"కొనే మనిషే కదా, కాస్త ఓపిక పట్టండి" అంది భార్య.

ఓపిక అన్న మాట వింటేనే ఆయనకి ఒళ్లు మండిపోతోంది.

గొడవంతా ఒక పాత ఎస్‌యూవీ గురించి. కంపెనీ ఆ బండి చెయ్యడం మానేసి చాలా కాలమైంది. మానేశాకే జనానికి మోజు పెరిగింది. బావమరిది ఎక్కడో చవగ్గా పట్టుకొచ్చాడు. తెల్ల రంగు, ఇనప చక్రాలు, రెగ్జిన్ సీట్లు. ఆ రకంలో అన్నిటికన్నా కింది మోడల్. దాన్ని అమ్మితే గానీ యార్డు అద్దె కట్టలేడు. ఈసారి కూడా ఎగ్గొడితే గేటుకి తాళం వేస్తానని స్థలం ఆసామి తెగేసి చెప్పాడు. ఈ యార్డు తప్ప ఆయనకి వేరే బతుకు తెలీదు.

అందుకే డాక్టరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు పొంగిపోయాడు. ఆడమనిషి కదా, రంగు నచ్చితే కొనేస్తుందనుకున్నాడు. ఆవిడ రంగు జోలికే పోలేదు. బండి చుట్టూ తిరిగింది. వంగి కిందికి చూసింది. రోగి చేత నోరు తెరిపించినట్టు బానెట్ తెరిపించింది.

"బావుంది. కానీ నాక్కావలసింది ఎడారి ఎడిషన్" అంది.

టాప్ మోడల్ కన్నా పై మెట్టు అది. కంపెనీ కొద్ది బళ్లే చేసి వదిలింది. రెండు రంగుల తోలు సీట్లు, ముందు డాష్‌బోర్డుకి అసలైన చెక్క, చెక్క మీద ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద ఆ బండి వరస నంబరు.

ఇంజను రెంటికీ ఒకటేననీ, తేడా అంతా పై మెరుగుల్లోనేననీ ఓనరు నచ్చజెప్పబోయాడు.

"ఆ మెరుగులే కావాలండీ నాకు. పెట్టించి ఇవ్వండి, మీరు చెప్పిన ధరే ఇస్తాను. బేరం ఆడను."

బేరం ఆడని మనిషిని ఓనరు అంతవరకు చూడలేదు. ఆశపడ్డాడు. బజారు నుంచి టాప్ మోడల్ చక్రాలు తెప్పించి బిగించాడు.

ఆవిడ వచ్చి చూసి పెదవి విరిచింది. ఎడారి ఎడిషన్ చక్రాలకి ఊచలు సన్నగా ఉంటాయట.

చెక్క డాష్‌బోర్డు తెప్పించాడు. ఆవిడ గోటితో తట్టి చూసింది. "ప్లాస్టిక్కు మీద చెక్క కాగితం అంటించారు. కట్టుడు పన్నేదో నాకు తెలీదాండీ?" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు. నిష్కారణంగా మేస్త్రిని తిట్టాడు. గేటు దగ్గర కుక్కని తిట్టాడు. ఆసామి నుంచి ఫోనొస్తే ఎత్తలేదు. చివరికి విసురుగా లేచి, బావమరిది విడి సామాను పడేసి ఉంచిన వెనక గది తలుపు తెరిచాడు.

"వాటిని ఇప్పుడప్పుడే బయటికి తియ్యొద్దన్నాడు కదన్నా మీ బావమరిది" అని నసిగాడు మేస్త్రి.

"వాడొచ్చి అద్దె కడతాడా? దుమ్ము కొట్టుకుపోతున్న సామాను. ఇలాంటి పిచ్చి గిరాకీ మళ్లీ తగులుతుందా? బిగించు."

సన్న ఊచల చక్రాలు బిగిశాయి. డాక్టరమ్మ మొదటిసారి తలూపింది. చెక్క డాష్‌బోర్డు, ఇత్తడి బిళ్ల వచ్చాయి. బిళ్లని కొంగుతో తుడిచి చాలాసేపు చూసింది. తోలు సీట్లు వచ్చాయి. డ్రైవరు సీటు అంచున కుట్టు ఊడి ఉంది. మళ్లీ ఏం వంక పెడుతుందోనని ఓనరే ముందుగా, కుట్టించి ఇస్తానన్నాడు.

"వద్దు. అలాగే ఉండనివ్వండి" అందావిడ ఆ చిరుగు మీద చెయ్యి వేసి.

హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ మొదలుపెట్టింది. స్టీరింగు కింద బండి స్టార్టు చేసే తాళం కూడా ఎడిషన్‌ది కాదట. దాని మీద ఒంటె బొమ్మ ఉండాలట.

ఓనరుకి ఏడుపొక్కటే తక్కువ. ఒంటె బొమ్మ తాళం వెనక గదిలో ఉంది గానీ దానికి చెవి లేదు. తాళాలు చేసేవాణ్ణి పిలిపించి, వాడి చేత కూడా నాలుగు మాటలు పడి, కొత్త చెవి చేయించాడు. బండిని కడిగించి గేటుకి ఎదురుగా నిలబెట్టాడు. డబ్బు చేతిలో పడుతుందని ఆసామికి కబురు కూడా పెట్టాడు.

డాక్టరమ్మ ఈసారి అన్నదమ్ముల్ని వెంటబెట్టుకొచ్చింది. ఇప్పుడు బేరానికి దిగుతారు కాబోలని ఓనరు గుండె రాయి చేసుకున్నాడు. వాళ్లు బేరం ఎత్తలేదు. అన్న గేటుకి ఆనుకుని నిలబడ్డాడు. తమ్ముడు ఇత్తడి బిళ్లకి ఫోటో తీసుకున్నాడు.

"చూసుకోండి మేడమ్. కంపెనీ నుంచి దిగిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఇంకొక్క వంక పెట్టారంటే నేనే ఈ చక్రాల కింద పడుకుంటా" అన్నాడు ఓనరు, కొత్త చెవిని ఆవిడ ముందుకు చాచి.

"ఇంకేం లేదండీ. అన్నీ వచ్చేశాయి. మీకు చాలా శ్రమ ఇచ్చాను."

ఆయన చాచిన చెవిని అందుకోకుండానే డాక్టరమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని, సంచిలోంచి తన తాళాల గుత్తి తీసి, ఇంటి ముందు నుంచి బండి మాయమైన నాటి నుంచీ ఆ గుత్తిలో ఊరికే వేలాడుతున్న ఒంటె బొమ్మ చెవిని పెట్టి తిప్పింది.