ఉబ్బిన పొట్ట

"మళ్ళీ మేత వేశారా?" భార్య కసిరింది. అక్వేరియంలో బంగారు చేప పొట్ట ఉబ్బి, ఓ పక్కకి ఒరిగిపోయి ఈదుతోంది.

"నన్ను చూడగానే అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తోందే. ఆకలేమో పాపం అని..." కంచం ముందు కూర్చున్న భర్త నసిగాడు.

"కడుపు నిండినా అవి అలాగే తెరుస్తాయని షాపతను చెప్పలేదూ? ప్రేమంటే కుక్కి కుక్కి పెట్టడమా? రెండ్రోజులు పస్తు పెడితే అదే కుదుటపడుతుంది," అంటూనే అతని కంచంలో మరో రెండు గరిటెల అన్నం వేసింది.

బరువు తగ్గమని డాక్టరు మొత్తుకుంటున్న పొట్టని అతను దిగులుగా నిమురుకున్నాడు.

"అది నోరన్నా తెరిచింది. నేను అదీ తెరవలేదు కదే!"

మూడో గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ చేపని చూసింది. మొగుణ్ణి చూసింది.

"నిజమేనండీ," అని కంచం తీసేసింది. "రెండ్రోజులు ఇద్దరికీ పస్తే."