గుమ్మంలో చెంబు

"ఇదొక్కటీ ఎలా బతికింది పిన్నీ?" అంటూ కంప్యూటర్ మెకానిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ రక్తదాతల సంస్థలో పదకొండు కంప్యూటర్లుంటే మధ్యాహ్నానికల్లా పది పడకేశాయి. వైరస్ మెయిల్ ఒకటి ఒకరి నుంచి ఒకరికి పాకి, తెరిచిన చోటల్లా పాత మెయిల్స్ అన్నిటినీ ఊడ్చిపెట్టేసింది. మెకానిక్ కంప్యూటరూ దెబ్బతింది. పనిముట్టు లేకుండా పనెలా అని అతను ముందు దాన్నే తుడిచి బాగుచేసుకున్నాడు. మొదట పంపిందెవరని అడిగితే అందరూ పక్కవాళ్ళ వైపు వేలు చూపించారు. సాయంత్రంలోగా పేరు కావాలనీ, ఆ మనిషిని ఇవాళే ఇంటికి పంపేస్తాననీ మేనేజరు తేల్చి చెప్పాడు.

మిగిలిన ఆ ఒక్క కంప్యూటరూ అందరూ 'జాబితా పిన్ని' అని పిలిచే ఆవిడది. తొమ్మిది వందల మంది దాతల మెయిల్ చిరునామాలు అందులోనే ఉన్నాయి. రెండు వేళ్ళతో టైపు చేస్తుందని ఆవిణ్ణి చూసి ఆఫీసంతా నవ్వుకునేది.

పిన్ని కళ్ళజోడు సవరించుకుని జాబితా తెరిచి చూపించింది. అన్నిటికంటే పైన 'అఅఅ' అనే పేరుతో ఎక్కడా లేని చిరునామా ఒకటి ఉంది. వైరస్ జాబితా మొత్తానికి మెయిల్ పంపితే దీనికి పంపింది తిరిగొస్తుందనీ, వెంటనే వైరు పీకేయొచ్చనీ చెప్పింది.

"అది వైరస్‌ని ఆపదు పిన్నీ."

"ఆపదని తెలుసు నాయనా. గుమ్మంలో పెట్టిన చెంబులాంటిది. దొంగ కాలికి తగిలితే చప్పుడవుతుంది, అంతే."

అసలు తాళం వేరే ఉంది. అటాచ్‌మెంట్ ఉన్న మెయిల్ ఎవరి నుంచి వచ్చినా, వాళ్ళకి ఫోన్ చేసి మీరే పంపారా అని అడగందే ఆవిడ తెరవదు. కన్నకూతురు పంపినా అంతే. ఆ తొమ్మిది వందల మందికీ తన పేరుతో ఒక్క చెడ్డ మెయిల్ వెళ్ళినా, రేపు ఎవరికో రక్తం కావాలని రాస్తే భయపడి తెరవరని ఆవిడ బెంగ. పదహారేళ్ళుగా ఇదే వరస. వింటున్న మెకానిక్‌కి ఈ విద్య చదువుకున్నది తనా, ఆవిడా అన్న అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళూ నలుగురితో పాటు నవ్వినందుకు సిగ్గేసింది.

జేబులో ఫోన్ మోగింది. ఎవరో చూడకుండానే "పనిలో ఉన్నాను, తర్వాత" అని పెట్టేశాడు.

"ఇవాళ్టి మెయిల్ మీకూ వచ్చే ఉంటుందిగా. మొదట పంపినవాళ్ళకి ఫోన్ చేశారా?"

"అన్నిటికంటే ముందొచ్చింది చూడగానే చేశాను. నేను నోరు తెరిచేలోపే పెట్టేశాడు. సరేలే అని తెరవకుండా వదిలేశాను."

"ఎవడా మహానుభావుడు? అలాంటివాడికి ఇక్కడ ఉద్యోగం ఉండకూడదు పిన్నీ."

పిన్ని అతని వంక ఓ క్షణం చూసింది. "ఒక్క తప్పుకి పొట్ట కొడతామా నాయనా? నేర్చుకుంటాడులే."

ఆ మాట మేనేజరుకి చెప్పమంటూ అతను కంప్యూటర్ వైపు తిరిగాడు. కానీ ఎంత వెతికినా ఆ మెయిల్ కనిపించలేదు. తుడిచేశానంది పిన్ని. ఇంట్లో దూరిన పాముని ఎవరైనా దాచుకుంటారా అని ఎదురడిగింది. తర్వాత సొరుగులోంచి నాలుగు మడతల కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

"తుడిచేముందు, మెయిల్ తెరవకుండానే పైకి కనిపించే వరస ప్రింటు తీశాను. ఇది తప్ప వేరే సాక్ష్యం లేదు. మేనేజరుకి ఇస్తావో, చింపేస్తావో నీ ఇష్టం."

అతను లేచి, ఆఫీసులో అందరికీ పిన్ని చేతే పాఠం చెప్పించాలని అనుకుంటూ మేనేజరు గదివైపు నడిచాడు. తలుపు తట్టబోయే ముందు, ఆ అజాగ్రత్త మనిషెవరో చూద్దామని మడత విప్పాడు.

పంపినవారి చోట తన పేరే ఉంది.